నా శుక్రవారానికి రెడ్ కార్డ్

సవతి ఆడదైతే జుట్టు పట్టుకుని దులిపేసేదాన్ని. నా సవతి పదకొండు మంది మగాళ్ళు. ఆకుపచ్చ చొక్కాలు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. వాళ్ళలో ఒక్కడికీ మా బావ ఎవరో తెలియదు. మా బావకి మాత్రం వాళ్ళలో ఎవరి మోకాలు వాచిందో, ఎవరి మడమ బెణికిందో, ఎవరు ఏ కాలితో బాగా తంతారో అన్నీ తెలుసు. నా నడుం నొప్పి ఏ వైపో చెప్పమని ఒకసారి అడిగితే కాసేపు ఆలోచించి ఎడమ వైపు అన్నాడు. నాకు నొప్పి కుడి వైపు.

బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా పిలుపు మారలేదు. కోనసీమలో పుట్టి పెరిగినవాడు, కబడ్డీ తప్ప ఇంకో ఆట ఎరగడు. బహ్రెయిన్ వచ్చాక కంపెనీ వాళ్ళు ఇతన్ని ఒక స్టేడియంలో కుర్చీలకీ కమ్మీలకీ రంగులు వెయ్యడానికి పంపించారు. పని అయిపోయిన సాయంత్రం అక్కడే ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందట. రంగు సరిగ్గా ఆరిందో లేదో చూస్తానని వంక పెట్టి సూపర్‌వైజర్ దగ్గర అనుమతి తీసుకుని ఉండిపోయాడు. తను రంగు వేసిన కుర్చీల్లో జనం కూర్చుని, కాసేపటికి లేచి నిలబడి, గొంతులు పోయేలా అరుస్తుంటే చూశాడు. ఆ రోజు గెలిచిన జట్టు ఇతని జట్టయిపోయింది. నేను ఈ దేశానికి రావడానికి ఏడాది ముందే ఆ కాపురం మొదలైంది. ఆ లెక్కన నేనే రెండోదాన్ని.

మేమిద్దరం ఒకే దేశంలో ఉంటాం కానీ ఒకే ఇంట్లో కాదు. నాకు మహూజ్‌లో ఒక ఇంట్లో పని. ఉండడం కూడా అక్కడే, వంటింటి పక్కనున్న చిన్న గదిలో. బావ గుదైబియాలో ఒక పాత ఫ్లాట్‌లో, మంచం మీద మంచం వేసిన గదిలో, మరో ఏడుగురితో కలిసి ఉంటాడు. ఆ గదికి నేను వెళ్ళకూడదు. మా మేడం ఇంటికి అతను రాకూడదు. మాకున్నదల్లా శుక్రవారం. మధ్యాహ్నం భోజనాల గిన్నెలు తోమేసి బయటపడితే, రాత్రి వంట వేళకి మళ్ళీ లోపల ఉండాలి. మధ్యలో దొరికే ఆ కాసిని గంటలే మా సంసారం. అది జరిగేది గుదైబియాలో ఒక మలయాళీ ఆయన కెఫెటేరియాలో, వెనక మూల బల్ల దగ్గర. ఆ బల్లకి ఎదురుగా గోడ మీద పెద్ద టీవీ ఉంది. మా సంసారానికి అడ్డం వచ్చిందల్లా అదే.

వారమంతా దాచుకున్న మాటలు మూటగట్టుకుని వెళ్ళేదాన్ని. ఊళ్ళో మా అమ్మ దగ్గరున్న పాప ఏం మాట్లాడిందో, మేడం పిల్లాడు ఏం అల్లరి చేశాడో, అన్నీ చెప్పాలని. మొదటి పావుగంట బావ బాగానే వినేవాడు. గది వాళ్ళు వండిన కోడికూర నాకోసం డబ్బాలో పెట్టి తెచ్చేవాడు. మూత తీసి, లివరు ముక్క ఏరి నా వైపు పెట్టేవాడు. అంతలో టీవీలో ఈల మోగేది. అంతే, మనిషి అక్కడే ఉండేవాడు, కళ్ళు గోడకి వెళ్ళిపోయేవి.

ఆట ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. ఆట అయిపోతుంది. రెఫరీ మీద కోపం అయిపోదు. అందులోనూ వీడియో చూసి తీర్పు చెప్పడం మొదలుపెట్టాక మా బావ బుర్ర పూర్తిగా చెడిపోయింది. రెఫరీ చెవి మీద వేలు పెట్టుకుంటాడు. రెండు చేతులతో గాలిలో డబ్బా గీస్తాడు. మైదానం పక్కనున్న చిన్న టీవీ దగ్గరికి పరిగెడతాడు. ఆ కాసేపూ కెఫెటేరియాలో టీ పోసేవాడు కూడా కెటిల్ పట్టుకుని ఆగిపోతాడు. తర్వాత తెర మీద ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత. భుజం ముందుకొచ్చిందంటాడు, గోల్ లేదంటాడు.

"పూర్వం రెఫరీ కళ్ళతో చూసి తప్పు చేసేవోడే," అనేవాడు బావ. "మనిషన్నాక పొరపాటు పడతాడని సరిపెట్టుకునేవోళ్ళం. ఇప్పుడు టీవీలో నాలుగుసార్లు తిప్పి చూసి మరీ తప్పు చేత్తన్నాడు. ఈణ్ణి ఏమనాలే?"

ఈ గోలలో అతనికి జోడీ ఒకాయన ఉండేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి, బావ గదిలోనే కింది మంచం. అవతలి జట్టు వైపు ఉండేవాడు, అందుకే ఇద్దరికీ విడదీయరాని స్నేహం. మ్యాచ్ అయ్యాక ఇద్దరూ బల్ల మీద తీర్పు తిరగేసేవాళ్ళు. పంచదార పొట్లాలు ఒక జట్టు, అగ్గిపుల్లలు ఒక జట్టు. ఉప్పు డబ్బా గోల్‌కీపరు. టీ గ్లాసు రెఫరీ. కెమెరా ఎక్కడుందో చూపించడానికి స్పూను నిలబెట్టేవాళ్ళు. చుట్టూ నేపాలీ వాళ్ళూ మలయాళీ వాళ్ళూ చేరి హిందీలో తలా ఒక మాట అనేవాళ్ళు. నా కోడికూర డబ్బా ఒకసారి ఆ మైదానంలో గోల్‌పోస్ట్ అయింది. నేనింకా తినడం కూడా పూర్తి చెయ్యలేదు.

నాకు కుళ్ళు. దాచుకోవడం దేనికి? మొగుడు తాగితే అక్కసు పడే ఆడవాళ్ళని చూశాను, పేకాడితే ఏడ్చే వాళ్ళని చూశాను. నేను మాత్రం మా బావ కోపం చూసి కుళ్ళుకునేదాన్ని. ఎంత నిండు కోపం అది. మెడ నరాలు ఉబ్బేవి, చేతులు వణికేవి, అన్యాయం జరిగిందని మూడు రోజులు అన్నం సయించేది కాదు. ఆ కోపంలో పావు వంతు నాకోసం పడి ఉంటే ఈ దేశంలో నేను మహారాణిలా బతికేదాన్ననిపించేది. నాకేదైనా అన్యాయం జరిగిందని చెబితే మాత్రం అతని నోట ఒక్కటే మాట వచ్చేది. "పోనీలే, సర్దుకో."

ఇక్కడ మా ఫోను పద్ధతి చెప్పాలి. పని వేళల్లో మేడం ఫోను మాట్లాడనివ్వదు. అందుకని మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. సాయంత్రం డ్యూటీ దిగి గదికి చేరాక బావ ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేస్తాడు. క్షేమంగా చేరానని అర్థం. నేను నా పని మానను, ఫోను ముట్టుకోను. ఆగకుండా మోగితే మాత్రం ఏదో ముంచుకొచ్చినట్టే లెక్క. పాపకి ఒంట్లో బాగోలేకో, అతనికి పనిలో దెబ్బ తగిలో. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఫోను అలా ఆగకుండా మోగింది ఒక్కసారే, మా మావయ్య పోయినప్పుడు.

ఆ మంగళవారం సాయంత్రం మేడం ఇంటికి చుట్టాలు వచ్చారు. హాల్లో ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. నేను ట్రే నిండా ఫింజాన్లు పెట్టుకుని వంటింట్లోంచి బయల్దేరాను. పిడి లేని చిన్న కాఫీ కప్పులు అవి, అంచున బంగారు గీత. మేడం వాళ్ళ అత్తగారివి, చుట్టాలొస్తేనే బయటికి తీసేవి. గుమ్మం దాకా వచ్చానో లేదో వెనక గట్టు మీద నా ఫోను వణికింది. ఒక్కసారి. ఇంక ఆగుతుందిలే అనుకున్నాను. ఆగలేదు. వణుకుతూనే ఉంది. నా గుండె జారిపోయింది, పాపకి ఏమయిందో అని తల వెనక్కి తిప్పాను. ట్రే వెళ్ళి గుమ్మానికి కొట్టుకుంది. నాలుగు ఫింజాన్లు నేల మీద పడి ముక్కలయ్యాయి.

ముక్కలు ఏరేసి, నేల తుడిచేసి, బాత్రూంలోకి వెళ్ళి ఫోను చేశాను. 

"చూసేవా ఎంత అన్నేయమో," అన్నాడు బావ, ఎత్తగానే. "గోల్ కేన్సిల్ చేసేసేరే. ఆఫ్‌సైడంట. మడమ ముందుకొచ్చిందంట. అదీ అయిదు నిమిషాలు టీవీ చూసి చెప్పేడు, ఎదవ."

 పాప బాగానే ఉందా అని అడిగాను. పాపకేం అన్నాడు. ఫోను పెట్టేశాను.

చుట్టాలు వెళ్ళాక మేడం పిలిచింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, పండక్కి నాకూ కొత్త బట్టలు కొంటుంది. ఏదైనా పగిలితే, కెమెరా లేని రోజుల్లో, ఏమయిందని అడిగేది. నేను చెప్పేదాన్ని, ఆవిడ వినేది, కాసేపు గొణిగేది, అయిపోయేది. పిల్లాడి కోసమని వంటింట్లో కెమెరా పెట్టించాక అడగడం మానేసింది. సోఫాలో కూర్చుని ఫోనులో వెనక్కి తిప్పింది. "శూఫీ," అంది. చూడమని. చూశాను. నా వీపు కనిపిస్తోంది. ట్రేతో నడుస్తున్నాను. తల పక్కకి తిప్పి గట్టు మీది ఫోను వైపు చూశాను. ట్రే గుమ్మానికి తగిలింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. రెండు వేళ్ళతో పెద్దది చేసి నా తల ఫోను వైపు తిరిగిన చోట ఆపింది. ఆ బొమ్మలో చప్పుడు లేదు. ఫోను వణకడం వినపడదు, నా గుండె జారడం కనపడదు. పనిలో ఫోను చూసుకుంటున్న పనిమనిషి ఒక్కతే ఉంది అక్కడ.

నాకొచ్చిన అరబీలో రెండు ముక్కలు మొదలుపెట్టబోయాను. మేడం చెయ్యి ఎత్తింది. "ఖలాస్," అంది, ఇంక చాలని. ఈ శుక్రవారం సెలవు లేదంది.

ఏడవలేదు. అంతకంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెబితే నవ్వుతారు. అచ్చం మా బావ వాళ్ళ రెఫరీలాగే చేసింది అనుకున్నాను.

గురువారం బావకి ఫోను చేసి చెప్పాను. కప్పులు పగిలాయి, మేడం ఈ వారం పంపనంది అని. ఎలా పగిలాయో చెప్పలేదు. అడిగితే చెబుదామనుకున్నాను.

"పోనీలే, సర్దుకో," అన్నాడు. "ఈ వారం ఎలాగూ పెద్ద మ్యాచ్ ఉందిలే," అని కూడా అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు, నాకు తెలుసు. అయినా ఫోను పెట్టేశాను.

ఆ శుక్రవారం వంటింట్లో కూర్చుని బెండకాయలు తరిగాను. ఇప్పుడు టీ వచ్చి ఉంటుంది, ఇప్పుడు ఈల వేసి ఉంటాడు, నా కుర్చీలో ఇప్పుడు జగిత్యాల ఆయన కూర్చుని ఉంటాడు, లివరు ముక్క ఆయనే తినేస్తుంటాడు అనుకుంటూ తరిగాను. సాయంత్రం రోడ్డు మీద కార్లు హారన్లు కొట్టుకుంటూ పోయాయి. ఎవరు గెలిచారో అప్పటికి తెలియదు కానీ, మా బావ జట్టు ఓడిపోయి ఉండాలని మొక్కుకున్నాను. ఓడిపోయిందని తర్వాత తెలిసింది. నా మొక్కు అంత తొందరగా ఎప్పుడూ తీరలేదు.

ఆ పై శుక్రవారం నాకు సెలవు దొరికింది. నడిచి వెళ్ళాను. బావ గడ్డం కూడా గీసుకోలేదు. నన్ను చూడక అలా అయిపోయాడేమోనని ఒక్క క్షణం పొంగిపోయాను. కూర్చోగానే మొదలుపెట్టాడు. పోయిన మ్యాచ్‌లో వీడియో చూసి వాళ్ళ జట్టులో వెనక ఆడేవాడికి రెడ్ కార్డ్ ఇచ్చారట. ఈ రోజు మ్యాచ్ ఆడనివ్వరట.

"వారం నుంచీ నిద్ర లేదే," అన్నాడు. "ఆడు లేకుండా ఎలాగ ఆడతారు? ఎనకాల అంతా ఖాళీ. ఆడు లేకపోతే నాకు చూడబుద్ధి కూడా కావట్లేదు."

నేను కోడికూర డబ్బా మూత పెట్టేశాను.

"నేను లేని శుక్రవారం నిద్ర పట్టిందా బావా?" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. పక్క బల్ల దగ్గరున్న జగిత్యాల ఆయనకి అర్థమైంది. టీ గ్లాసు కింద పెట్టాడు. "వదినకు ఏమైందో అడుగవేందన్నా," అన్నాడు మెల్లగా. "పోయిన శుక్రారం సెలవు పోయింది ఆమెది గూడ."

"కప్పులు పగిలేయంట కదా," అన్నాడు బావ.

"ఎలా పగిలాయో అడిగావా?" అన్నాను. "మీ వాడికి కార్డ్ ఇస్తే పది రకాలుగా తిప్పి తిప్పి చూశావు. నాకూ కెమెరా పెట్టి చూసే ఇచ్చింది మా మేడం. నాదీ వీడియో తీర్పే. నాదీ ఒక మ్యాచ్ పోయింది."

వీడియో అన్న మాట చెవిన పడగానే అతని ముఖం మారింది. అందుకు కూడా నాకు ఒళ్ళు మండింది, నా పేరు చెప్పి నేనెన్నిసార్లు పిలిచినా అలా తిరగలేదు కదా అని. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"కెమెరా ఎక్కడుంది?"

"ఫ్రిజ్ పైన."

స్పూను నిలబెట్టాడు. ఉప్పు డబ్బా పెట్టి ఇది ఫ్రిజ్ అన్నాడు. కోడికూర డబ్బా గుమ్మం. ఒక పంచదార పొట్లం తీసుకుని నన్ను ఎక్కడ పెట్టాలని అడిగాడు. చూపించాను. జగిత్యాల ఆయన కుర్చీ తెచ్చుకున్నాడు. టీవీలో మ్యాచ్ మొదలైంది, ఇద్దరూ తలెత్తలేదు. నేపాలీ కుర్రాళ్ళిద్దరు వచ్చి నిలబడ్డారు. బావ వాళ్ళకి హిందీలో చెప్పాడు, ఇది మా ఆవిడ, ఇది ట్రే, చేతులు రెండూ ఖాళీ లేవు చూడండి అని.

"ఎనక నుంచి ఒక్క యాంగిలే ఉందా?" అన్నాడు నాతో.

"ఒక్కటే."

"మొహం కనపడదా?"

"కనపడదు. చప్పుడు కూడా ఉండదు."

"మరి ఏం చూసి చెప్పిందే ఆవిడ?" బల్ల మీద చరిచాడు. మెడ నరం లేచింది. ఆ నరం నాకు బాగా తెలుసు, ఎన్నో శుక్రవారాలు పక్క నుంచి చూశాను. అది నాకోసం లేవడం అదే మొదటిసారి. "చేతుల్లో ట్రే ఉన్న మనిషి ఊరికే తల తిప్పుద్దా? ఏదో ఒకటి జరిగితేనే కదా తిప్పేది. అది చూడాల్సింది ముందు. ఎందుకు తిప్పేవే?"

"ఫోను మోగింది."

"ఒక్క రింగేనా?"

"ఆగకుండా."

"ఆగకుండానా," అన్నాడు. గొంతు తగ్గింది. "పాపకేమైనా..." అని ఆగి, బాగానే ఉందని గుర్తొచ్చి మళ్ళీ కోపం తెచ్చుకున్నాడు. "డ్యూటీ టైములో ఆగకుండా ఫోను చేసేదెవడు? తప్పు ఆడిది. నీది కానే కాదు. కార్డ్ ఇయ్యాలంటే ఆడికియ్యాలి. ఎవడే ఆడు?"

నేను పది రోజులుగా మోసుకుంటున్న మాట అది. అరుద్దామనుకున్నాను, ఏడుద్దామనుకున్నాను, ఎన్నో రకాలుగా అనుకున్నాను. తీరా నోట్లోంచి మామూలుగానే వచ్చింది.

"నువ్వే బావా. మంగళవారం సాయంత్రం. మడమ ముందుకొచ్చిందని చెప్పడానికి."

పంచదార పొట్లం అతని వేళ్ళ మధ్యే ఉండిపోయింది. అప్పుడే టీవీలో గోల్ పడింది. కెఫెటేరియా అంతా లేచి అరిచింది. ఏ జట్టో నేను చూడలేదు. బావ కూడా చూడలేదు, అతని కనుగుడ్డు అటు కదిలి మళ్ళీ వెనక్కి వచ్చింది. అది మాత్రం చూశాను.

జగిత్యాల ఆయన స్పూను తీసి పక్కన పడుకోబెట్టాడు. "గిది పక్కా రెడ్ కార్డే అన్నా," అన్నాడు. "దీనికి వీడియో గూడ అక్కర లేదు."

బావ రెఫరీతో ఎప్పుడూ ఒప్పుకున్నవాడు కాదు. ఆ రోజు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కోడికూర డబ్బా మూత తీసి, లివరు ముక్క కోసం వెతికాడు.  ముక్క నా వైపు పెట్టి, "ఒచ్చే వారం మ్యాచ్ చూడను," అన్నాడు. "ఒక మ్యాచ్ నిషేదం. నాకు."

నేను నమ్మలేదు. కానీ ఆ వచ్చే శుక్రవారం అతను కెఫెటేరియా దగ్గర లేడు, బస్ స్టాప్‌లో ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఫోను జగిత్యాల ఆయనకిచ్చి వచ్చానని, ఇక స్కోరు అడగడానికి కూడా లేదని చెప్పాడు. ఇద్దరం బస్సెక్కి జల్లాఖ్ బీచికి వెళ్ళాం. ఇన్నేళ్ళలో ఇక్కడి సముద్రం ఒడ్డున ఇద్దరం కలిసి కూర్చోవడం అదే మొదలు. ఇసుక మీద తువ్వాలు పరిచాడు. పాప కబుర్లు చెప్పాను, మొత్తం చెప్పాను. మధ్యలో ఎవరూ ఈల వెయ్యలేదు.

కాసేపటికి కొందరు కుర్రాళ్ళు బంతి తెచ్చారు. రెండు జతల చెప్పులు గోల్‌పోస్టులుగా పెట్టి ఆడడం మొదలుపెట్టారు. ఒక జత చెప్పులు మా తువ్వాలుకి బారెడు దూరంలోనే ఉంది. నా గుండెలో పాత మంట రాజుకుంది. బావ మాత్రం మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుని, ఊఁ కొడుతూ వింటున్నాడు.

ఒక బంతి చెప్పు మీదుగా వెళ్ళింది. లోపల నుంచి వెళ్ళిందని ఒకళ్ళు, బయట నుంచి అని ఇంకొకళ్ళు. కాసేపటికి కొట్టుకునే దాకా వచ్చారు. అందులో ఒకడు మా వైపు పరిగెత్తుకొచ్చి, భాయ్, నువ్వు పక్కనే ఉన్నావు కదా, గోలా కాదా చెప్పు అన్నాడు హిందీలో. అందరూ ఆగి మా బావ ముఖం చూస్తున్నారు. ఒక ఆట మొత్తం అతని ఒక్క మాట మీద ఆగడం అదే మొదలు. అతని జన్మలో అంతకంటే పెద్ద కోరిక ఉండి ఉండదు.

బావ నా వైపు చూశాడు. తర్వాత ఆ కుర్రాడి వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నేను చూళ్ళేదు భాయ్," అన్నాడు. "మా ఆవిణ్ణి చూత్తన్నాను."

పచ్చి అబద్ధం. బంతి కాలి దగ్గర బయల్దేరినప్పటి నుంచి చెప్పు దాటేదాకా అతని కళ్ళు దాని మీదే ఉన్నాయి. నాకు తెలుసు, నేను అతన్నే చూస్తున్నాను కాబట్టి.